మడమలకు తెలిసిన దారి

పెద్ద వెల్లువ వచ్చిన మరుసటి ఏడు అది. కుట్టనాడు లంకల్లో ఏ లెక్కయినా వెల్లువ నుంచే మొదలవుతుంది. ఫలానా పిల్ల వెల్లువకు ముందు పుట్టింది, ఫలానా గోడ వెల్లువలో పోయింది అంటారు. విలాసినికి రొమ్ము తీసేసింది వెల్లువ తర్వాతి మకర మాసంలో. మందులు ఎక్కించడం అయిపోయి, నెత్తిన మళ్ళీ గరిక మొలిచినట్టు వెంట్రుకలు మొలుస్తున్నప్పుడు కర్కాటక మాసపు వానలు పట్టుకున్నాయి.

బుధవారం పొద్దున ఆమె గంజి కాస్తుంటే మొగుడు సుగుణన్ వెనకనుంచి అన్నాడు.

“ఓ పక్కకి జారింది. సర్దుకో.”

జారింది దూది మూట. అత్త కార్త్యాయని తన పాత పంచె చింపి, బూరుగు దూది కూరి, గుండ్రంగా కుట్టి ఇచ్చింది. అది నైటీ లోపల నిలవదు. వంగితే మెడ కిందికి ఎక్కుతుంది, చెయ్యెత్తితే చంకలోకి పోతుంది. సుగుణన్ ఆమె ఒంటివైపు చూడడు. ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజు వరండాలోకి పోయి బీడీ కాల్చుకున్నాడు. ఇంటికొచ్చాక ఆమె బట్టలు మార్చుకుంటుంటే తలుపు బయటినుంచి తనే దగ్గరికేశాడు. చూడనివాడికి దూది జారిన సంగతి మాత్రం తెలుస్తుంది. రేవు దగ్గర జనం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఆమె గరిటె పక్కన పెట్టి మూటను సర్దుకుంది. గంజి పొంగి పొయ్యిలో పడింది. “ధ్యాస ఎక్కడుంటుందో,” అన్నాడతను. ఆ ధ్యాస అన్న మాట అతనికి అలవాటు. మొదటిసారి చూపించినప్పుడు డాక్టరమ్మ, “ఇది ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా? కాస్త ముందొచ్చుంటే ఇంత కొయ్యాల్సిన పని లేకపోయేదేమో” అంటే, ఈమె నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి అతనే జవాబిచ్చాడు. “ఈ ఆడాళ్ళకి తమ ఒంటిమీద ధ్యాసే ఉండదు డాక్టర్.” విలాసిని సిగ్గుపడింది. నిజమే కాబోలు అనుకుంది. ఆ సిగ్గుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కింది, ఆ సిగ్గుతోనే దిగింది. తప్పు తనదే అనుకుంటే ఒక సుఖం ఉంది, ఇంకెవరినీ ఏమీ అనక్కర్లేదు.

అతను కల్లుగీత మనిషి. ఇప్పటికీ తాడిచెట్టంత కొబ్బరిచెట్టు ఊపిరి పీల్చేలోపు ఎక్కి దిగుతాడు. ఆమెది కొబ్బరి పీచుతో తాడు పేనే రాట్నం. పెళ్ళికి ముందునుంచీ అదే పని. రేవునుంచి ఇంటి గడపదాకా ఉన్న సన్నటి గట్టు మీద, రాట్నానికి దారం తగిలించి, నడుముకు కట్టుకున్న పీచు రెండు చేతులా అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. ఒకపక్క కాలవ, ఒకపక్క మురుగు గుంట. వెనక్కి చూస్తే దారం సన్నబడుతుంది, అందుకని ఎవరూ చూడరు. కాళ్ళకే కళ్ళుంటాయి. ఇప్పుడు కుడిచెయ్యి మోచేతిదాకా వాస్తోంది. ఆ చేత్తో బరువెత్తొద్దని, కోసుకోనివ్వొద్దని, సూది పొడవనివ్వొద్దని నర్సు చెప్పింది. విన్నంతసేపూ తలూపి, ఇంటికొచ్చి సుగుణన్ అన్నాడు, “బిందె ఎడం చేత్తో ఎత్తుకో మరి.”

బుధవారాలు పదింటికి ఆమె వెళ్ళేచోటికి అతను పెట్టిన పేరు ‘పాకుడు క్లాసు’.

లంకలోని లైబ్రరీ హాల్లో చాపలు పరిచి ఉంటాయి. ఊరి సాంత్వన సంఘంవాళ్ళు పెట్టించారు. క్యాన్సర్ మందులు వాడి బయటపడ్డ ఆడవాళ్ళు చుట్టుపక్కల లంకల్నుంచి పడవల్లో వస్తారు. నేర్పేది జెస్సీ టీచర్. కొట్టాయం మనిషి, సన్నగా, ఎప్పుడూ ఉతికిన వాసనతో ఉంటుంది. మందులు రోగాన్ని చంపుతాయిగాని ఒంటిని మనిషికి తిరిగి అప్పజెప్పవని, అది ఎవరికివాళ్ళు వెళ్ళి తెచ్చుకోవాలని అంటుంది. ఊపిరి పీల్చమంటుంది. కళ్ళు మూసుకుని అరికాళ్ళ దగ్గరనుంచి ఒక్కో చోటా ఏముందో చెప్పమంటుంది. మంట, మొద్దుబారడం, బరువు, ఏమీ లేకపోవడం, ఏదైనా సరే.

విలాసినికి అదంతా ఒళ్ళుమంట. అందరూ చూసి, నొక్కి, కోసి, కుట్టి వదిలేసిన ఒంటిని మళ్ళీ ఇక్కడ ఇంకొకరి ముందు పరవాలా? అరికాళ్ళలో ఏముంటుంది, పగుళ్ళుంటాయి. మోకాళ్ళలో అత్తని ఎత్తి దించిన నొప్పి ఉంటుంది. ఆ తర్వాత పైకి వస్తే ఒక చదునైన చోటు ఉంటుంది. దాని సంగతి ఎవరికి చెప్పాలి? ఇంట్లోవాళ్ళు దాన్ని దూదితో మూశారు, ఈమె ఊపిరితో నింపమంటోంది. తేడా ఏమీ కనబడలేదు. అయినా మానలేదు. బుధవారం రెండు గంటలపాటు ఎవరూ ఆమెను నీళ్ళు తెమ్మని అడగరు. వచ్చింది దానికోసం.

మూడో వారమో నాలుగో వారమో, టీచర్ ఒక మాట అని ఇరుక్కుంది.

“ఇప్పుడు మీ ఒంటికి థాంక్స్ చెప్పుకోండి. ఇంత కష్టంలోనూ మిమ్మల్ని మోసింది కదా.”

“అది నన్ను మొయ్యలేదు. నేనే దాన్ని మోశాను. నాతోపాటు ఇంకొకర్ని కూడా,” అంది విలాసిని కళ్ళు తెరవకుండానే. “ముందు దాన్నే నాకు చెప్పమనండి.”

పక్క చాపమీద నబీసా పకపకా నవ్వింది. నబీసా పుఱక్కాడు నుంచి వస్తుంది. చేపలమ్మే నోరు. గర్భసంచి తీసేశారు. “అలా అడుగు విలాసినీ! మా ఆయన కూడా అంతే, తిండి తిని నాకే థాంక్స్ చెప్పమంటాడు.”

టీచర్ మొహం ఎర్రబడింది. సర్దుకుని, “సరే, కోపం కూడా ఒంట్లోదే. ఎక్కడుందో చూడండి,” అంది.

“ఎక్కడుందో చెబితే అదీ కోసేస్తారా?”



ఇంకో రోజు కళ్ళు మూసుకుని మీ ఒళ్ళు ఎటు పోతానంటే అటు నడవండి అంది టీచర్. హాల్లో రాట్నం ఆడవాళ్ళు నలుగురున్నారు. నలుగురూ వెనక్కి నడిచారు. నాలుగు వీపులు వెళ్ళి పుస్తకాల బీరువాకు కొట్టుకున్నాయి. ఏదో పాత బాధవైపు పోతున్నారనుకుని టీచర్ గొంతు మెత్తగా చేసి, “ఏం గుర్తొచ్చింది?” అని అడిగింది. “ఏం రాలేదమ్మా, పీచు తక్కువైంది,” అంది ఒకావిడ. హాలంతా నవ్వు. విలాసిని కూడా నవ్వింది. నవ్వితే కుట్ల దగ్గర లాగింది.

ఆమెకు పట్టింది ఒక్క పని. గోడ. గోడకు ఎదురుగా నిలబడి కుడిచేతి వేళ్ళను చీమ ఎక్కినట్టు ఒక్కొక్కటే పైకి ఎక్కించాలి. లైబ్రరీ గోడమీద వెల్లువ గీత ఇంకా ఉంది. సున్నం రెండుసార్లు వేసినా గోధుమరంగు పైకి తేలింది. తలకన్నా జానెడు ఎత్తున అటునుంచి ఇటు ఒకే గీత. “ఆ గీత దాకా వెళ్ళాలి చెయ్యి,” అంటుంది టీచర్. నబీసా చెయ్యి గీత దాటి పోతుంది, దానికి చంకలో కొయ్యలేదు కదా. విలాసిని వేళ్ళు చెవి ఎత్తుదాకా వెళ్ళి ఆగిపోతాయి. అక్కడినుంచి చంకలో తాడు బిగిసినట్టు ఉంటుంది. నీళ్ళు ఎక్కినచోటికి తన చెయ్యి ఎక్కదు. ఆమె గీతను కోపంగా చూసేది.

కర్కాటకం చివర్లో టీచర్ చెప్పింది, వచ్చే బుధవారం ఇంటివాళ్ళని ఒకర్ని వెంట తీసుకురావాలని.

సుగుణన్ కర్రపెండలం నములుతూ విన్నాడు. “ఆడాళ్ళు పాకుతుంటే నేను కూర్చుని చూడాలా? కల్లు పాక ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నేనొస్తా,” అంది మంచంమీదనుంచి కార్త్యాయని. కాళ్ళు పడిపోయి ఏళ్ళైంది ఆమెకు. నోటికి ఏమీ కాలేదు. “లైబ్రరీలో టీ ఇస్తారంటగా. ఈ కప్పు చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. నన్ను తీసుకుపో.”

ఆ బుధవారం వాన ఆగి ఆగి కొడుతోంది. కాలవలో నీళ్ళు గట్టు అంచున ఉన్నాయి. సుగుణన్ ఇద్దర్నీ పడవలో దింపి, చూడకుండా పోయాడు. లైబ్రరీవాళ్ళు ముసలామెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి హాల్లోకి మోశారు. ఆమె పెళ్ళికొచ్చినట్టు అందర్నీ పలకరించింది. నబీసాను చూసి, “నువ్వు మత్తి చేపలు అమ్మేదానివి కదూ? మొన్నటివి కుళ్ళినవే,” అంది.

“కుళ్ళినవి తినే ఇన్నాళ్ళు బతికావు ముసలమ్మా,” అంది నబీసా.

టీ అయ్యాక టీచర్ చేయించిన పని తేలికైనదే. ఇంటినుంచి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చోవాలి. వీళ్ళు వాళ్ళకి వీపు పెట్టి చాపలమీద కూర్చోవాలి. వెనకవాళ్ళు మాట్లాడకుండా, ఎక్కడ నొప్పి ఉందనుకుంటారో అక్కడ చెయ్యి పెట్టి ఉంచాలి. అంతే. ఒకావిడ మొగుడు ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. ఒకామె కూతురు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు గాల్లో ఆడించింది.

విలాసిని కార్త్యాయని మోకాళ్ళకు వీపు ఆనించి కూర్చుంది. ముసలామె చేతులు భుజాల మీదుగా ముందుకొచ్చి మెడ కింద ముడిపడ్డాయి. ఆ ముడి విలాసినికి తెలుసు. వెల్లువ రోజు ఇలాగే పట్టుకుంది. సుగుణన్ టీవీని నెత్తినెత్తుకుని ముందు నడిచాడు. “టీవీ తడిస్తే పోతుంది, అమ్మ తడిస్తే ఆరుతుంది,” అన్నాడు. ఆ మాటకి తర్వాత వెల్లువ క్యాంపులో అందరూ నవ్వారు. విలాసిని అత్తను వీపుకెత్తుకుని రొమ్ముల్లోతు నీళ్ళలో గడపనుంచి రేవుదాకా వెళ్ళింది. ఆ దారంతా ముసలామె చెయ్యి ఒకటి జారకుండా ఈమె కుడి రొమ్మును గట్టిగా పట్టుకుని ఉంది. బతకడానికి పట్టుకున్న చెయ్యిని ఎవరు తీయమంటారు?

ఇప్పుడు ఆ చెయ్యి ముడి విడదీసుకుని సరిగ్గా అక్కడికే వెళ్ళింది. దూది మూటను పక్కకి నెట్టింది. నైటీ మీదనుంచే చదును చోట రెండువేళ్ళు పెట్టి నొక్కింది.

“ఇదిగో, ఇక్కడే,” అంది కార్త్యాయని గట్టిగా. మాట్లాడొద్దన్న సంగతి ఆమెకు ఎప్పుడూ గుర్తుండదు. “చింతగింజంత ఉండేది. నీళ్ళలో నా వేళ్ళకి తగిలింది. జారినప్పుడల్లా దాన్నే పట్టుకున్నాను.”

టీచర్ మెల్లగా దగ్గరికొచ్చి కూర్చుంది. “ఎప్పుడమ్మమ్మా?”

“ఎప్పుడేమిటి, వెల్లువ రోజు.”

“మరి ఈమెకి చెప్పలేదా?”

“దీనికెందుకు? నా కొడుక్కి చెప్పాను, క్యాంపులోనే. ఇప్పుడు దాని చెవిన వెయ్యకమ్మా, మంచమెక్కి కూర్చుంటుంది, ముందు ఇల్లు కడగనీ అన్నాడు. నిజమేగా? ఇంట్లో మోకాళ్ళలోతు బురద. ఎవరెత్తుతారు? నేనా?”

వాన హాలు రేకులమీద కొట్టింది. విలాసిని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది. బురద ఎత్తింది తనే. గంపల్లో ఎత్తి కాలవలో పోసింది. గోడలు గీకింది, బావి తోడింది, పాము చచ్చి పడి ఉంటే కర్రతో తీసి పారేసింది. ఇల్లు ఆరేసరికి ఓణం దాటింది, దీపావళి దాటింది. క్రిస్మస్ నక్షత్రాలు దించిన వారం స్నానం చేస్తుంటే తన చేతికి తగిలింది. అప్పటికి అది చింతగింజ కాదు, జాజికాయంత. పరుగెత్తుకొచ్చి చెబితే సుగుణన్ ఏమన్నాడు? “అవునా?” అన్నాడు. అంత చిన్న అవునా. తను దాన్ని భయం అనుకుంది, పాపం మగాడు భయపడ్డాడనుకుని తనే ధైర్యం చెప్పింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని డాక్టరమ్మతో అన్నాడు, ధ్యాస ఉండదని. అతనికి ఉంది ధ్యాస. బురద కడిగినన్నాళ్ళూ ఉంది. రోజూ గంజి తాగుతూ ఈమె గంప ఎత్తుతుంటే చూస్తూ, ఇంకా ఎన్ని గంపలున్నాయో లెక్కపెట్టుకునేంత ధ్యాస ఉంది. ఈమె మోసిందల్లా ఆ సిగ్గు. అతనిది, తనదనుకుని మోసింది.

ఆమె లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి కుడి అరచేత్తో కొట్టింది. ఒకసారి కొట్టి, ఇంకా పైన కొట్టింది. సున్నం పెచ్చులు రాలాయి. చంకలో ఏదో పట్టుతప్పి తెగినట్టయి, నొప్పి నడుందాకా దిగింది. ఆమె చెయ్యి తీయలేదు.

“ఓసేయ్,” అంది నబీసా, గొంతు తగ్గించి. “గీత దాటిందే.”

“దాటనీ.”

టీచర్ ఏదో చెప్పబోయి మానేసింది. మొదటిసారి ఆమె మంచి పని చేసిందనిపించింది విలాసినికి. ముసలామె మాత్రం, “గోడనెందుకే కొడతావు, లైబ్రరీ సొమ్ము,” అంది.

సాయంత్రానికి నీళ్ళు గట్టెక్కాయి. పంచాయతీవాళ్ళు మైకు పెట్టుకుని పడవలో తిరిగారు. తెల్లవారాక పెద్ద పడవ రేవుకు వస్తుందని, సర్దుకుని ఉండమని. కొబ్బరిచెట్ల మధ్యకు పడవ రాదు. గడపనుంచి రేవుదాకా నడిచే రావాలి.

సుగుణన్ టీవీ తీగలు పీకి దుప్పట్లో చుడుతున్నాడు. “నువ్వు అమ్మ సంగతి చూసుకో. పోయినసారిలాగే. ఎడం పక్కకి వేసుకో.”

“ఈసారి అత్తని మీరెత్తుకోండి,” అంది విలాసిని.

“టీవీ ఎవరు తెస్తారు?”

“నీళ్ళు తాగనివ్వండి దాన్ని.”

అతను ముడి వేస్తున్నవాడు ఆగాడు. “ఏం, పాకుడు క్లాసులో నేర్పారా ఇది?”

“క్లాసులో కాదు. అత్త చెప్పింది. చింతగింజంత ఉండేదట.”

దుప్పటి కొస అతని చేతిలోంచి జారింది. మంచంమీద కార్త్యాయని గోడవైపు తిరిగి పడుకుంది.

“అప్పుడు పరిస్థితి అలా ఉంది,” అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడితే అతను వాదిస్తాడు, వాదిస్తే సగం గెలుస్తాడు, ఆమెకు తెలుసు. అన్నం ముగ్గురికీ పెట్టింది. తను తిని, చెయ్యి కడుక్కుని, పడుకుంది. రాత్రి అతను రెండుసార్లు లేచి బీడీ వెలిగించాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. అరికాళ్ళ దగ్గరనుంచి ఒక్కో చోటా ఏముందో చూసుకుంటూ పైకి వచ్చింది. ఆ చదును చోటికి వచ్చి ఆగింది. అక్కడ వేడిగా ఉంది. బాగానే ఉంది.

తెల్లవారేసరికి నీళ్ళు గుమ్మంలో ఉన్నాయి. విలాసిని నైటీ లోపలినుంచి దూది మూట తీసి టీవీ మీద పెట్టింది. భుజంమీద తువ్వాలు వేసుకోలేదు. గడప దిగింది. నీళ్ళు నడుం దాటాయి.

“ఏమే,” అన్నాడు సుగుణన్ వెనకనుంచి. ఆమె తిరగలేదు. రేవు దగ్గర పడవవాడు కేకేస్తున్నాడు. అతను ఎవరినో బూతులు తిట్టాడు, వాననో, పంచాయతీనో. కాసేపటికి మంచం కిర్రుమంది.

అప్పుడు ఆమె తిరిగింది. అతను గడపలో వంగి, తల్లిని వీపుకెత్తుకుని, రెండు చేతులూ వెనక్కి ముడేసుకుని నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ళమీదికి తడిసి అంటుకుంది.

గట్టు నీళ్ళకింద కనబడటం లేదు. ఒకపక్క కాలవ, ఒకపక్క గుంట. విలాసిని అతనివైపే మొహం పెట్టి, వెనక్కి మొదటి అడుగు వేసింది. తర్వాత ఇంకొకటి.

“ముందుకు తిరిగి నడవ్వే, పడతావు!”

“పడను. ఈ దారి నా మడమలకి తెలుసు. మీకే తెలీదు. నన్ను చూస్తూ రండి.”

“వీడి వీపంతా ఎముకలే,” అంది కార్త్యాయని కొడుకు మెడ పట్టుకుని. “నీ వీపే నయమే విలాసినీ.”

అతను తల వంచి నీళ్ళను చూసుకుంటూ నాలుగడుగులు వేశాడు. కాలు గుంటవైపు జారింది. ముసలామె కెవ్వుమంది. తమాయించుకుని నిలబడ్డాడు. వాన మొహంమీద కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తల ఎత్తాడు. ఎదురుగా భార్య ఉంది. తడిసిన నైటీ ఒంటికి అంటుకుని, ఒకవైపు ఉండి, ఒకవైపు లేకుండా. ఆమె సర్దుకోలేదు.

అతను చూశాడు. అక్కడినుంచి రేవుదాకా ఆమెను చూస్తూనే నడిచాడు. చూపు తిప్పితే కాలు తప్పుతుంది.